కారు బొమ్మదే... బ్యాటరీ అసలుదే!

దుబాయ్ నుంచో మస్కట్ నుంచో నాన్న సెలవు మీద వస్తున్నాడంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పిల్లలకు నిద్ర పట్టదు. ఎదురుచూపు నాన్న కోసం కొంత, తాళ్లతో బిగించిన అట్టపెట్టె కోసం ఇంకొంత! ఖర్జూరాలు, చాక్లెట్లు, సెంటు సీసాల నడుమ ఓ రిమోట్ కారు కనిపించిందా... ఇక వాడకట్టు పిల్లలంతా ఆ ఇంటి ముందే.

కొన్నాళ్లకు కారు బాగానే ఉంటుంది, బ్యాటరీ మొరాయిస్తుంది. అప్పటికి నాన్న తిరిగి విమానమెక్కేసి ఉంటాడు. పిల్లాడు దాన్ని జేబులో వేసుకుని సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి పరుగెడతాడు. 'దీన్లో పట్టేది ఏదైనా ఇయ్యన్నా' అంటాడు. పెద్దవాళ్లు పక్కన ఉండాల్సింది సరిగ్గా ఇక్కడే. పట్టిందల్లా పనికొచ్చేది కాదు మరి.

ఒకప్పటి రిమోట్ కార్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. బరువెక్కువ, దమ్ము తక్కువ. వేగంగా దూసుకుపోయే ఇప్పటి కార్లలో వాడుతున్నవి లిథియం రకాలు. గట్టి లోహపు గొట్టంలో ఉండేది లిథియం అయాన్. మెత్తటి సంచిలా ఉండేది లిథియం పాలిమర్, అంటే లైపో. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి బాట వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ దక్కింది. చిక్కల్లా లోపలుండే మండే ద్రవంతోనే. మోతాదు మించి ఛార్జ్ చేసినా, నలిగినా, లోపల షార్టయినా సెల్ వేడెక్కి, ఆ వేడి పక్క సెల్‌నూ అంటుకుంటుంది.

బొమ్మ బ్యాటరీయేగా అనుకుంటాం. 2022 ఏప్రిల్‌లో జగిత్యాల పొరుగునే ఉన్న నిజామాబాద్‌లో, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలోనూ అలాంటి ప్రమాదమే మరో ప్రాణం తీసింది. నిజమే, స్కూటర్ బ్యాటరీ ముందు కారుది పిల్లకాలువ. కానీ పరుపు అంటుకోవడానికి ఆ పిల్లకాలువ చాలు!

అంకెల్లోనే అంతా

కొత్త బ్యాటరీ కొనేముందు పాతదాని మీది అంకెలు చదవండి. లైపో ఒక్కో సెల్ 3.7 వోల్టులు. 2ఎస్ అని ఉంటే రెండు సెల్స్, 7.4 వోల్టులు. కొత్తదీ అంతే ఉండాలి. స్పీడు పెరుగుతుందని 11.1 వోల్టులది తగిలిస్తే ముందు కాలేది మోటారో, లోపలి సర్క్యూటో. ఎంఏహెచ్ అనేది బిందెలో నీళ్ల లెక్క. ఎక్కువుంటే ఎక్కువసేపు ఆడుకోవచ్చు. సీ అంటే ఆ నీళ్లను ఎంత జోరుగా వదలగలదో చెప్పేది. 2200 ఎంఏహెచ్, 25సీ బ్యాటరీ లెక్కప్రకారం 55 ఆంపియర్లు ఇవ్వాలి. కారు అంతకంటే ఎక్కువ లాగితే బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. ఎరుపు, నలుపు తీగలు తారుమారైనా ముప్పే.

లేబుళ్లు కూడా అబద్ధాలాడతాయి. 18650 అనే గొట్టపు సెల్ (18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు) పేరున్న కంపెనీలది తీసుకున్నా సుమారు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది. దాని మీద 9900 అని రాసి ఉందంటే అది నకిలీ అని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. లిథియం సెల్స్‌కు ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం బీఐఎస్ నమోదు తప్పనిసరి. ఆ గుర్తు చూడాలి. బొమ్మలకైతే 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు ఉండాల్సిందే.

ఇక ఛార్జర్. అసలు కథ ఇక్కడుంది. లైపో సెల్ 4.2 వోల్టులకు చేరగానే ఛార్జింగ్ ఆగాలి. పాత నికెల్ బ్యాటరీ ఛార్జర్‌కు ఆ గీత తెలియదు, తోస్తూనే ఉంటుంది. అటకమీది ఛార్జర్ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చడం అందుకే ప్రమాదం. లైపో ప్యాక్‌కు ఉండే చిన్న తెల్ల ప్లగ్గును కూడా ఛార్జర్‌కు కలిపితేనే సెల్స్ సమానంగా నిండుతాయి. 1500 ఎంఏహెచ్ బ్యాటరీకి 1.5 ఆంపియర్లు మించకపోవడం మేలు.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. చాలా లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో ఈ జిల్లాల్లో బయటే అంత ఎండ కాస్తుంటే, రేకుల ఇంట్లో మధ్యాహ్నం సంగతి చెప్పాలా! కారు ఆడి వచ్చాక బ్యాటరీ చల్లబడేదాకా ఆగి, సాయంత్రం బండల మీద పెట్టి, కళ్లముందే ఛార్జ్ చేయాలి. మంచం, సోఫా వద్దు. సిరిసిల్లలో సాంచాల షెడ్డు అసలే వద్దు, అక్కడ మూలమూలనా దూది నూగు ఉంటుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఇళ్లలోనూ ఎండిన తునికాకుకు దూరంగా ఉంచాలి.

పెట్టెలో కాదు, చేతిసంచిలో

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ఓ మాట. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ లగేజీలో వేయకూడదు. కొనలకు టేపు అంటించి, వెంట తీసుకెళ్లే చేతిసంచిలోనే పెట్టుకోవాలి. 2010 సెప్టెంబరులో దుబాయ్‌లో కూలిన యూపీఎస్ సరకు విమానంలో మంటలు లేచింది లిథియం బ్యాటరీలున్న సరకులోనే. ఇద్దరు పైలట్లూ బతకలేదు.

ఉబ్బిన బ్యాటరీని గుచ్చి గాలి తీసే తెలివితేటలు కొందరికి ఉంటాయి. ఆ పని మాత్రం చేయొద్దు. వాడకం ఆపి, చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదార్లదే.

ఛార్జింగ్‌లో పొగ వస్తే ముందు మెయిన్ ఆపాలి. పిల్లల్ని బయటికి పంపాలి, ఆ పొగ విషం. మంట చిన్నదైతే దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోయొచ్చు, పెద్దదైతే బయటికొచ్చి 101కు ఫోన్ చేయాలి. ఆరినట్టే కనిపించిన బ్యాటరీ మళ్లీ రాజుకోవచ్చు కాబట్టి, పూర్తిగా చల్లబడ్డాక చేత్తో తాకకుండా ఆరుబయట ఇసుకలో పెట్టి, కొన్ని గంటలు అటు ఓ కన్నేసి ఉంచాలి.