ఎలెక్ట్రానిక్ కాటా బరువు బిల్లులో పడనప్పుడు చేయవలసిన పరీక్ష

హైదరాబాదు పాతబస్తీలోని మీర్ ఆలం మండీ కూరగాయలకు పేరు పొందినది. ఇటువంటి బజారులకు వచ్చు ఆకుకూరలు గంటల లెక్కన వాడిపోవును. తూకం ఆలస్యమైనను, తప్పినను నష్టం రైతుదే.

నేడు అనేక చోట్ల ఎలెక్ట్రానిక్ కాటాను కంప్యూటరుకు కలిపి, బరువు నేరుగా బిల్లులో పడునట్లు ఏర్పాటు చేయుచున్నారు. ఒకనాడు కాటా మీద 25 కిలోలు కనబడుచుండగా బిల్లులో సున్న పడినదనుకొనుడు. అప్పుడు బరువును చేతితో టైపు చేయుదురు. 25కు బదులు 22 పడినచో 3 కిలోల సొమ్ము పోయినట్లే. కనుక రైతు సంఘాల వారు కాటా చెడినదని తీర్మానించుటకు ముందు, అది ఏమి పంపుచున్నదో చూడవలెను. అందుకు ఉపయోగపడునదే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాము.

కాటా కబురు పంపు విధము

అనేక కాటాల వెనుక 9 పిన్నుల సాకెట్టు ఉండును. ఇది సాధారణంగా 1960లో అమెరికాలో వెలువడిన ఆర్‌ఎస్-232 పద్ధతిది. ఇందులో బిట్లు ఒకదాని వెనుక ఒకటిగా తీగ మీద పోవును. 9600 వేగమనగా సెకనుకు 9600 బిట్లు. ఆరంభపు బిట్టు, 8 సమాచార బిట్లు, ముగింపు బిట్టు కలిసి అక్షరానికి 10 బిట్లు. అనగా సెకనుకు 960 అక్షరాలు. పంపు వేగము, అందుకొను వేగము ఒకటి కానిచో అంకెలు అర్థం లేని గుర్తులగును.

పరీక్షించు పద్ధతి

1. బిల్లు ప్రోగ్రామును మూసివేయవలెను. సాధారణంగా ఒక పోర్టును ఒకేసారి ఒక ప్రోగ్రామే వాడగలదు.

2. కంప్యూటరుకు సీరియల్ పోర్టు లేనిచో యూఎస్‌బీ నుండి ఆర్‌ఎస్-232కు మార్చు కేబులు వాడవలెను. మూసీకి ఆవల కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇటువంటి సామాను దొరకును.

3. విండోస్ డివైస్ మేనేజరులో పోర్టు పేరు, ఉదాహరణకు కామ్ 3, చూచుకొనవలెను.

4. పుట్టీ ప్రోగ్రాము తెరచి 'సీరియల్' ఎన్నుకొని, పోర్టు పేరు, వేగము ఇవ్వవలెను. బిట్లు, పారిటీ కాటా పుస్తకములో ఉన్నట్లే పెట్టవలెను. ఫ్లో కంట్రోలును కాటా కోరనిచో తీసివేయవలెను.

5. ముద్ర ఉన్న 10 కిలోల తూనిక రాయిని కాటాపై ఉంచి తెరను గమనించవలెను. కొన్ని కాటాలు ప్రింటు మీట నొక్కిననే బరువు పంపును.

ఫలితమును బట్టి

తెరపై 10 కిలోలు సరిగా వచ్చినచో కాటా, కేబులు మంచివే. దోషము బిల్లు ప్రోగ్రాము అమరికలో ఉన్నది. పిచ్చి గుర్తులు వచ్చినచో ముందు వేగము, తరువాత పారిటీ సరిచూడవలెను. 2400 వేగము, 7 బిట్లు, సరి పారిటీతో పంపు కాటాలు కూడ కలవు.

ఏమియు రానిచో కేబులును కాటా నుండి ఊడదీసి, ఆ కొననున్న 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి టైపు చేయవలెను. అక్షరాలు తెరపై కనబడి, తీగ తీయగానే రాకుండా పోయినచో కంప్యూటరు, కేబులు బాగున్నవి. అప్పుడు కాటాకు 2, 3 తీగలు తారుమారుగా కలుపు కేబులు కావలెనేమో పుస్తకములో చూడవలెను.

హెచ్చరిక

ఆర్‌ఎస్-232 కేబులును 3.3 లేక 5 వోల్టుల చిన్న బోర్డులకు నేరుగా కలుపరాదు, అవి కాలిపోవచ్చును. కాటాపై తూనికల శాఖ వేసిన ముద్రను ఎట్టి పరిస్థితులలోను తీయరాదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింద అది నేరము. కాటాపై అంకెయే తప్పైనచో లైసెన్సు గల మరమ్మతుదారునికి అప్పగించవలెను.

కాటా మీద, తెర మీద, బిల్లులో అంకె ఒకటే ఉండవలెను. రైతు సోదరులు బిల్లు అందుకొనుటకు ముందు కాటా మీది అంకెతో సరిచూచుకొందురు గాక.