పెరటి వైద్యం కంటికి చేటు

కళ్ళజోడు మానిపిస్తామనే చిట్కాలకు చాలా చరిత్ర ఉంది. 1920లో న్యూయార్క్ నేత్రవైద్యుడు విలియం బేట్స్ తన గ్రంథంలో కంటి వ్యాయామాలతోపాటు సూర్యుని వంక చూడడాన్నీ బోధించాడు. కాని హ్రస్వదృష్టికి ముఖ్యకారణం కనుగుడ్డు పొడవు పెరగడం. వ్యాయామం దానిని కుదించలేదు. సూర్యకాంతి మాత్రం రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలదు.

తేనె, చనుబాలు, ఆకుపసరు కంట్లో పిండడమూ ప్రమాదకరమే. వాటివెంట చేరే సూక్ష్మక్రిములు నల్లగుడ్డుపై పుండు కలిగించవచ్చు. అది మానినా మచ్చ మిగిలి చూపును అడ్డగించవచ్చు. కొన్ని సుర్మాలలో విషపదార్థమైన సీసం ఉంటుంది.

మునగాకు, తోటకూర, బొప్పాయి ఆహారంగా తీసుకుంటే మేలు చేస్తాయి. విటమిన్ ‘ఎ’ లోపంవల్ల కలిగే రేచీకటిని నివారించడానికి తోడ్పడతాయి. కళ్ళజోడు అవసరాన్ని తొలగించలేవు. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, చూపు మందగించినా వెంటనే నేత్రవైద్యుని సంప్రదించడమే క్షేమం.