ఒకచోట నేర్చిన పాఠం.. నూరు ఊళ్లలో వ్యాపారం
గొలుసు మందుల దుకాణాల పోటీ నడిచే తీరు

ఆసుపత్రుల వీధుల్లో గొలుసు మందుల దుకాణాల బోర్డులు చిన్న పట్టణాలకూ విస్తరించాయి. పలుచోట్ల రెండు పెద్ద సంస్థల శాఖలు ఎదురెదురుగానే కొలువుదీరాయి. ఇంత దగ్గరగా ఉండి రెండింటికీ గిట్టుబాటు ఎలా అవుతోంది? పోటీ ఉన్నా రాయితీలు ఒక స్థాయి దాటి ఎందుకు పెరగడం లేదు? ఒక్క వీధిని చూస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరకదు. శాఖలన్నింటినీ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది.

మెడ్‌ప్లస్ సంస్థ 2006లో హైదరాబాద్‌లో 48 దుకాణాలతో ప్రారంభమైంది. 2021 మార్చి నాటికి ఏడు రాష్ట్రాల్లో 2,000 దాటింది. 2024 నాటికి ఆ సంఖ్య 4,000 మించింది. అపోలో ఫార్మసీ దుకాణాలు అదే ఏడాది 6,000 దాటాయి. వీటిలో గమనించాల్సింది ఆ తొలి 48. ఊరికొకటి చొప్పున కాక, ఒకే నగరంలో గుంపుగా తెరిచారు.

మందుల వ్యాపారంలో వేల రకాల సరుకు ఉంచాలి. కొన్ని ఏడాదికి నాలుగు సార్లు కూడా అమ్ముడుపోవు, గడువు తీరితే నష్టమే. దుకాణాలు దగ్గర దగ్గరగా ఉంటే ఒకే గోదాము నుంచి రోజూ సరుకు పంపవచ్చు. ఒక శాఖలో లేని మాత్రను పక్క శాఖ నుంచి తెప్పించవచ్చు. ఇక్కడ కదలని సీసాను, అది రాసే వైద్యుడున్న పట్టణానికి తరలించవచ్చు. ఒంటరి దుకాణదారుకు ఈ వెసులుబాటు లేదు. పైగా అతడు స్టాకిస్టు వద్ద కొనాలి. గొలుసు సంస్థ నేరుగా కంపెనీతో బేరమాడి మధ్యవర్తి వాటాలో కొంత మిగుల్చుకుంటుంది. ధరల నియంత్రణలో ఉన్న మందులకు 2013 నాటి ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర కట్టేటప్పుడు చిల్లర వర్తకుడి లాభాన్ని 16 శాతంగా లెక్కిస్తారు. వినియోగదారుడికిచ్చే రాయితీ ఈ లాభంలోంచో, మధ్యవర్తి వద్ద మిగిలినదానిలోంచో రావాలి.

అసలు బలం సమాచారంలో ఉంది. ఒక పట్టణంలో విష జ్వరాలు ప్రబలితే అక్కడి బిల్లులే ఆ సంగతి చెబుతాయి. కంప్యూటర్లు కలిసి ఉంటే చుట్టుపక్కల శాఖలకు ముందుగానే మందులు చేర్చవచ్చు. ఒంటరి దుకాణదారుకు తన కౌంటరే ప్రపంచం.

అయితే బోర్డు ఒకటైనంత మాత్రాన పాఠం తనంతట తాను ప్రయాణించదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకే కంపెనీ పేరుతో నడిచే 36 పిజ్జా దుకాణాలను పరిశోధకులు పరిశీలించి 1995లో ఫలితాలు ప్రకటించారు. వాటి యజమానులు పది మంది. ఒక దుకాణంలో నేర్చిన పని పద్ధతి అదే యజమాని ఇతర దుకాణాల్లో ఖర్చు తగ్గించింది గానీ, వేరే యజమాని దుకాణాలకు పెద్దగా చేరలేదు. మందపాటి పిజ్జా కాలేటప్పుడు పైన వేసిన మాంసపు ముక్కలన్నీ మధ్యకు జారిపోయేవి. చక్రం ఆకుల్లా పేరిస్తే జారవని ఒక దుకాణం కనిపెట్టింది. ఈ చిట్కా మాత్రం దేశమంతా పాకింది. నేర్చినది త్వరగా మరుగున పడుతుందని కూడా ఆ అధ్యయనం తేల్చింది. తరచూ సిబ్బంది మారే శాఖలకు ఇది చేదు నిజం.

ఇక ధరల సంగతి. రెండు సంస్థలు ఒక్క ఊళ్లోనే ఎదురుపడితే తెగించి పోరాడవచ్చు. నూరు ఊళ్లలో ఎదురుపడితే ఆచితూచి అడుగేస్తాయి. ఇక్కడ ధర తగ్గిస్తే ప్రత్యర్థి తనకు బలమున్న మరోచోట దెబ్బ తీస్తాడన్న జంకు ఉంటుంది. కూడబలుక్కోకపోయినా పోరు చల్లబడుతుంది. అమెరికా విమానయాన సంస్థలపై 1994లో వెలువడిన అధ్యయనం దీన్ని లెక్కలతో చూపింది. అనేక మార్గాల్లో ఎదురుపడే సంస్థలు నడిపే మార్గాల్లో టికెట్ ధరలు ఎక్కువగా ఉన్నాయి. కనుక రెండో బోర్డు వచ్చింది, ఇక మందులు చౌకవుతాయని నమ్మకంగా చెప్పలేం.

ధరను కదిలించేది తరచూ బయటి నుంచి వచ్చినవారే. 2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలు 2025 నాటికి 15,000 చేరాయి. మెడ్‌ప్లస్ 2023లో తన పేరుతోనే మందులు తెచ్చి, ముద్రిత ధరపై 50 నుంచి 80 శాతం తగ్గింపు ప్రకటించింది. ఇన్ని దుకాణాల అమ్మకం చేతిలో ఉన్నందునే ఈ సాహసం సాధ్యమైంది.

స్థానిక దుకాణదారుల చేతిలోనూ కొన్ని అస్త్రాలున్నాయి. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచే ఓపిక, పంట వచ్చేదాకా ఆగే ఖాతా గోదాము నుంచి రావు. లోపించింది కలిసి కొనడం, ఒకరి మిగులు సరుకును మరొకరు మార్చుకోవడం. పట్టణంలోని పది మంది ఒక్కటైతే స్టాకిస్టుతో బేరం తీరే మారుతుంది. ఇక కొనేవారి విషయానికొస్తే, మాత్రల పట్టీపై బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరూ, మోతాదూ ముద్రించి ఉంటాయి. వాటిని వైద్యునికి చూపించి, తక్కువ ధరలో అదే మందు వాడవచ్చా అని అడగవచ్చు.