పాఠశాల గణితంలో విస్తృతి, గాఢత: ప్రామాణిక పరీక్షల పాత్ర

1. ఉపోద్ఘాతం

ఎక్కువ గణితాంశాలను పరిచయం చేయడం విస్తృతి. కొద్ది అంశాలనే కారణాలతో, పరస్పర సంబంధాలతో బోధించడం గాఢత. తరగతి గది వీటిలో దేనివైపు మొగ్గుతుందో నిర్ణయించడంలో పాఠ్యప్రణాళిక కంటే పరీక్షా స్వరూపానికే ఎక్కువ పాత్ర ఉందని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. ఒక భాగహారం – రెండు స్థాయుల అవగాహన

ఒకటీ ముప్పావును అరతో భాగించడానికి భాజకాన్ని తిరగవేసి గుణిస్తే మూడున్నర వస్తుంది. ఇది సూత్రజ్ఞానం. ఒకటీ ముప్పావు లీటర్ల పాలను అర లీటరు పాత్రలలో పోస్తే మూడు నిండుతాయి. పావు లీటరు మిగులుతుంది. ఆ పావు లీటరు, సగం పాత్రకు సమానమని గుర్తించడం అవగాహన.

లీపింగ్ మా ఇదే లెక్కను అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమికోపాధ్యాయులకు ఇచ్చి, ఫలితాలను 1999 నాటి గ్రంథంలో చర్చించారు. చైనా ఉపాధ్యాయులందరూ లెక్కను సాధించారు. అత్యధికులు దానికి తగిన సందర్భాన్నీ కల్పించారు. అమెరికా ఉపాధ్యాయులలో సగం మందికైనా సరైన సమాధానం రాలేదు. అయినా కళాశాల పట్టా ఉన్నవారు వీరే. ఎక్కువ చదివినంత మాత్రాన గాఢత సిద్ధించదని దీనివల్ల తెలుస్తుంది.

3. అమెరికా అనుభవం

1995 నాటి టిమ్స్ అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా పాఠ్యప్రణాళికలను పోల్చిన విలియం ష్మిట్ బృందం, అమెరికా గణితంలో అంశాలు అధికమనీ, ఒక్కొక్కదానికి లభించే శ్రద్ధ స్వల్పమనీ తేల్చింది. 2002లో అమలులోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుండి 8 తరగతుల వరకు ఏటా గణిత పరీక్షను తప్పనిసరి చేసింది. వెనుకబడిన వర్గాల పిల్లల ఫలితాలు విడిగా వెలుగులోకి రావడం దాని మేలు. బోధన పరీక్షాంశాలకు కుదించుకుపోవడం దాని కీడు. 2010 నాటి 'కామన్ కోర్' తక్కువ అంశాలు, ఎక్కువ గాఢత అనే సూత్రాన్ని స్వీకరించింది.

4. భారతీయ సందర్భం

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం–2005కు అనుబంధంగా, ఆర్. రామానుజం అధ్యక్షతన పనిచేసిన గణిత బోధన బృందం సమస్యను వేరొక కోణంలో చూసింది. మన గణితం ఎత్తుగా, ఇరుకుగా ఉందనీ, దానిని విశాలం చేయాలనీ సూచించింది. అమెరికాలో తగ్గించమన్న విస్తృతిని ఇక్కడ పెంచమనడం పైకి వైరుధ్యమే. కానీ అక్కడ విస్తృతి శీర్షికల సంఖ్య. ఇక్కడ అంచనా వేయడం, పలు మార్గాలలో సాధించడం వంటి ప్రక్రియల వైవిధ్యం. గణితాన్ని యాంత్రిక గణనగా చూపే మూల్యాంకనాన్ని ఆ బృందం ప్రధాన లోపాలలో ఒకటిగా పేర్కొంది.

తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో 180 నిమిషాలకు 160 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. వాటిలో 80 గణితానివి. సగటున ప్రశ్నకు 68 సెకన్లయినా దక్కవు. ఆ వ్యవధి సూత్రస్మరణకు చాలుతుంది, హేతు నిరూపణకు చాలదు. ఉన్నత పాఠశాలలోనే మొదలయ్యే 'ఫౌండేషన్' శిక్షణ ఈ వేగాన్ని కింది తరగతులకు దించుతోంది.

5. ముగింపు

లక్షలాది విద్యార్థులను ఒకే కొలమానంతో, త్వరగా మూల్యాంకనం చేయగలగడం ప్రామాణిక పరీక్షల బలం. కనుక వాటిని రద్దు చేయడం పరిష్కారం కాదు. అయితే అంశాల జాబితాను సవరించి పరీక్షను యథాతథంగా ఉంచితే బోధన మారదు. మిగిలిన పావు లీటరు సగం పాత్ర ఎందుకైందో వివరించమనే ప్రశ్నకు పరీక్షలో చోటు దక్కిననాడే, దానికి తరగతిలోనూ సమయం దక్కుతుంది.