రైలు ఇంజను నమూనా: కొలత, చరిత్ర

నిజమైన రైలు ఇంజనును 76వ వంతుకు తగ్గించి బల్లపై నడిపించుట పిల్లల ఆటవలె కనిపించును. కాని ఆ చిన్న యంత్రమును శ్రద్ధగా పరిశీలించినచో గణితము, భౌతికశాస్త్రము, లోహశాస్త్రము, చరిత్ర, ఈ నాలుగును దానిలో ఇమిడియున్నవని తెలియును. ఆవిరి ఇంజనులు చాలవరకు పాత ఇనుముగా కరిగిపోయినవి. వాని రూపమును నేటివారు చేతపట్టి చూచుటకు తరచు మిగిలినవి నమూనాలే. కనుక నమూనా ఎంతవరకు నిజము చెప్పుచున్నదో విచారింపవలెను.

బ్రిటనులో ప్రసిద్ధికెక్కిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఇంజనును ఉదాహరణగా తీసికొందము. నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఈ ఇంజను 1923లో డాంకాస్టర్ కర్మాగారమున తయారైనది. 1934 నవంబరు 30న గంటకు 100 మైళ్ళ వేగమును అందుకొనినది. దీని నమూనాలను పలు కంపెనీలు తయారుచేసినవి.

మొదట కొలతను చూతము. బ్రిటనులో వాడుకలోనున్న 'ఓ.ఓ.' కొలతలో నిజమైన ఒక అడుగునకు నమూనాలో 4 మిల్లీమీటర్లు. అడుగు 304.8 మి.మీ. గనుక నిష్పత్తి 1 : 76.2. అక్కడి రైలుపట్టాల మధ్య దూరము 1435 మి.మీ. దానిని 76.2 చే భాగించిన 18.83 మి.మీ. వచ్చును. కాని అంగడిలో దొరకు ఓ.ఓ. పట్టాల మధ్య దూరము 16.5 మి.మీ. మాత్రమే. దీనిని తిరిగి 76.2 చే హెచ్చించిన 1257 మి.మీ. అగును. అనగా ఆ పట్టాలు ఉండవలసిన దానికంటె సుమారు 7 అంగుళములు ఇరుకైన దారిని సూచించుచున్నవి.

ఈ దోషమునకు కారణమేమి? ఐరోపా ఖండములో 'హెచ్.ఓ.' అను కొలత వాడుదురు. దానిలో అడుగునకు 3.5 మి.మీ.; 16.5 మి.మీ. పట్టాలు ఆ కొలతకు సరిగా సరిపోవును. కాని బ్రిటిషు ఇంజనులు ఖండాంతర్గతమైన ఇంజనులకంటె చిన్నవి. ఆ కొలతకు తగ్గించిన ఇంజనులో ఆనాటి విద్యుత్ మోటారు పట్టలేదు. అందుచే పట్టాలను మార్చక ఇంజను దేహమును మాత్రము పెంచిరి. తరువాత మోటారులు చిన్నవైనవి. కాని అప్పటికే వేలకొలది ఇండ్లలో 16.5 మి.మీ. పట్టాలు చేరియున్నవి. వానిని త్రోసిపుచ్చినచో పాత కొనుగోలుదారులకు అన్యాయము జరుగును. ఇట్లు తయారీదారుడు కొన్నవారికి ఇచ్చు ఆదరువే ఖచ్చితత్వమునకు అడ్డుపడినది. ఖచ్చితత్వమునే కోరువారు 18.83 మి.మీ. పట్టాలను తామే అమర్చుకొనుచున్నారు.

ప్రకృతి నియమములు కూడ కొన్ని అడ్డంకులు కల్పించును. పొడవు 76.2వ వంతు అయినపుడు బరువు ఆ సంఖ్య యొక్క ఘనము ప్రకారము, అనగా సుమారు 4,42,000వ వంతుకు తగ్గును. టెండరు కాక 97 టన్నులు తూగు ఇంజను 220 గ్రాములకు దిగిపోవును. బరువు లేనిదే చక్రములకు పట్టు ఉండదు. కావున లోపల లోహపు దిమ్మెలు చేర్చి బరువు పెంచుదురు. అట్లే నిజమైన చక్రపు అంచు పట్టా తలకు దిగువగా ఇంచుమించు 28 మి.మీ. దిగును. నమూనాలో అది 0.37 మి.మీ. కావలెను. అంత సన్నని అంచు చిన్న ఎగుడుదిగుడునకే పట్టా తప్పును. అందుచే దానిని లోతుగా చేయుదురు. ఇవి తప్పులు కావు, నడకకొరకు చేసికొన్న రాజీలు.

చరిత్రకు సంబంధించిన తప్పులు వేరు. ఇంజను ఒకే రూపమున జీవితమంతయు ఉండదు. మన ఉదాహరణమునే చూడుడు. 1923లో దీని సంఖ్య 1472, 1924 నాటికి 4472, 1946లో 103, తరువాత 60103. లండను నుండి ఎడింబరోకు ఆగకుండ నడుపుటకై 1928లో దీనికి లోపల నడవగల టెండరు తగిలించిరి. యుద్ధకాలమున ఆకుపచ్చ రంగు పోయి నలుపు వచ్చెను. 1947లో క్రొత్త బాయిలరు, 1959లో జంట పొగగొట్టము, 1961లో పొగను ప్రక్కలకు మళ్ళించు రేకులు అమరినవి.

నేడు తయారీదారులు మ్యూజియములోని ఇంజనును లేజరు కిరణములతో కొలిచి అచ్చులు చేయుచున్నారు. ఆ కొలత మిల్లీమీటరు తప్పదు. కాని అది కొలిచినది నేటి ఇంజనును. 2016లో మరమ్మతు ముగించుకొని పట్టాలెక్కినపుడు స్కాట్స్‌మన్‌కు జంట పొగగొట్టము, రేకులు కలవు. ఆ రూపమునకే ఆకుపచ్చ రంగు వేసి, 4472 అని వ్రాసి, '1934 నాటి ఇంజను' అని అమ్మినచో ప్రతి మరయు సరిగా నుండియు మొత్తము అబద్ధమగును. కావున పరీక్షకు ఒకే సూత్రము: సంఖ్య, రంగు, పొగగొట్టము, టెండరు, ఇవి అన్నియు ఒకే సంవత్సరమునకు చెందియుండవలెను. దీనిని తేల్చునవి కర్మాగారపు చిత్రములు, తేదీగల ఛాయాచిత్రములు.

అమ్మకముతో తయారీదారుని బాధ్యత తీరదు. పూర్వము కొన్ని నమూనాలను జింకు మిశ్రలోహముతో పోతపోసిరి. ఆ లోహములో సీసము స్వల్పముగా కలిసినను ఏండ్లు గడచినకొలది పోత ఉబ్బి, పగిలి, పొడియగును. విడిభాగములు దొరికినచో ఆ నమూనా బ్రతుకును; లేనిచో అలమారులోని బొమ్మగా మిగులును. భాగముల పటము, విడిభాగములు, అందరికి ఒకే ప్రమాణముగల చక్రములు, ఈ మూడును కొన్నవారు అడుగదగినవి. ప్రమాణములకొరకే 1935లో అమెరికాలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక లెక్క ఇయ్యవచ్చును. మన బ్రాడ్‌గేజి వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు. అడుగునకు 4 మి.మీ. చొప్పున నమూనా పట్టాలు ఎంత ఎడముగా నుండవలెను? జవాబు 22 మి.మీ. ఇక 1947 నుండి మన రైళ్ళను లాగిన డబ్ల్యు.పి. ఇంజనును అట్టతో చేయించుడు. మొదలు పెట్టుటకు ముందు ఏ సంఖ్యగల ఇంజను, ఏ సంవత్సరమున ఉన్న రూపము అని విద్యార్థిచేత అట్ట అడుగున వ్రాయించుడు. ఆ రెండు మాటలు వ్రాయగలిగినవాడే నమూనాకు సాక్ష్యము ఇయ్యగలడు.