కొట్టకుండా కాపాడిన ఆటగాడు

మన క్రీడా వార్తల్లో ‘దూకుడు’ అన్నది మెచ్చుకోలు మాట అయిపోయింది. దూకుడు లేనివాడు మెతకవాడని, మెతకవాడు గెలవలేడని మనం సులువుగా అనేసుకుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే మంచుమీద ఆడే ఐస్ హాకీని, అందులో నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ అనే డిఫెండర్‌ను చూడాలి.

ఐస్ హాకీ మొరటు ఆట. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను పక్ అంటారు. పక్ దగ్గరున్న ఆటగాడిని భుజంతో ఢీకొట్టడం నిబంధనలకు లోబడినదే. హద్దు మీరితే మాత్రం సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. అంటే డిఫెండర్ ఒక్కడు సహనం కోల్పోతే, ఆ మూల్యం జట్టంతా చెల్లిస్తుంది.

లిడ్‌స్ట్రోమ్ 1970లో స్వీడన్‌లో పుట్టారు. 1989లో అమెరికాలోని డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు ఆయనను 53వ ఆటగాడిగా ఎంచుకుంది. 1991 నుంచి 2012 వరకు 20 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడారు. లీగ్ దశలో 1,564 మ్యాచ్‌లాడి, శిక్షగా బయట కూర్చున్నది మొత్తం 514 నిమిషాలు. సగటున మ్యాచ్‌కు ఇరవై సెకన్లు!

మరి ప్రత్యర్థిని ఎలా ఆపేవారు? మనిషి మీదికి కాక పక్ మీదికి వెళ్లేవారు. పాస్ ఎటు వెళ్తుందో ముందే గ్రహించి అక్కడ స్టిక్ ఉంచేవారు. ఎదుటివాడిని గోల్ ముందుకు రానీయకుండా పక్కగోడ వైపు నెట్టుకుపోయేవారు.

1997 స్టాన్లీ కప్ ఫైనల్లో దీనికి గట్టి పరీక్ష ఎదురైంది. ఫిలడెల్ఫియా జట్టులో ఎరిక్ లిండ్రోస్ ఆరడుగుల నాలుగంగుళాల బలశాలి. ఆయన్ని ఆపడానికి గట్టిగా గుద్దే డిఫెండర్లనే దింపుతారని అందరూ అనుకున్నారు. కోచ్ స్కాటీ బౌమన్ మాత్రం లిడ్‌స్ట్రోమ్‌నూ, ఆయనలాగే నెమ్మదిగా ఆడే లారీ మర్ఫీనీ నిలిపారు. డెట్రాయిట్ వరుసగా నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. లిండ్రోస్ చేయగలిగింది ఒకే ఒక్క గోల్, అదీ చివరి మ్యాచ్ చివరి నిమిషంలో.

గుర్తింపు మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీలో వరుసగా మూడేళ్లు రెండో స్థానమే దక్కింది. 2001లో, 31 ఏళ్ల వయసులో తొలిసారి అందుకున్నారు. చివరికి అవి ఏడయ్యాయి. జట్టు ఆయనతో నాలుగు కప్పులు గెలిచింది. 2008లో, ఐరోపాలో ఆట నేర్చుకుని వచ్చి స్టాన్లీ కప్ అందుకున్న తొలి కెప్టెన్ ఆయనే అయ్యారు. ఆడాలన్న పట్టుదల మునుపటిలా లేదని గ్రహించి, 2012లో తానే తప్పుకున్నారు.

వేసిన గోల్ స్కోరుబోర్డు మీద కనిపిస్తుంది. పడకుండా ఆపిన గోల్ ఎక్కడా కనిపించదు. ఇంట్లోనైనా, బడిలోనైనా, పనిచోటైనా కాపలా కాసేవారి శ్రమ ఇలాంటిదే. పిల్లలు ఆడుతుంటే గోల్ వేసినవాడికి చప్పట్లు కొడదాం. వెనక నిలబడి, ఎవరినీ గాయపరచకుండా అడ్డుకున్నవాడి పేరు కూడా అడిగి తెలుసుకుందాం.