ఎర్రగుడ్డ కట్టుకున్న క్షిపణి

ఇనుప చువ్వలు తీసుకుపోయే బండిని మీరు రోడ్డు మీద చూసే ఉంటారు. చువ్వలు బండిని దాటి వెనక్కి పొడుచుకు వస్తే, వాటి చివర ఒక ఎర్రగుడ్డ కడతారు. వెనక వచ్చేవాళ్లు చూసుకుని జాగ్రత్తపడాలని.

1967 అక్టోబరు 22 రాత్రి పశ్చిమ జర్మనీలో ఒక మెర్సిడెస్ కారు ఇలాగే ఎర్రగుడ్డ కట్టుకుని ప్రయాణం చేసింది. దాని వెనక అద్దం పగలగొట్టి ఉంది. అందులోంచి తివాచీ చుట్టిన పొడుగాటి వస్తువేదో బయటికి వచ్చి ఉంది. రోడ్డు నియమాన్ని అంత శ్రద్ధగా పాటించిన ఆ కారులో ఉన్నదేమిటో తెలుసా? యుద్ధవిమానం నుంచి శత్రువిమానం మీదికి వదిలే సైడ్‌వైండర్ క్షిపణి!

దొంగలు ముగ్గురు. ఒకడు భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు, ఒకడు తాళాలు విప్పడంలో నేర్పరి, మూడోవాడు సాక్షాత్తు యుద్ధవిమానం నడిపే పైలట్! బవేరియాలోని నాయ్‌బుర్గ్ వైమానిక స్థావరంలోకి వెళ్లి, సుమారు 70 కిలోల క్షిపణిని తోపుడు బండి మీద పెట్టి బయటికి నెట్టుకొచ్చారు. దాని పొడవు దాదాపు మూడు మీటర్లు. కారులో పట్టలేదు. అందుకే అద్దం పగలగొట్టారు. తర్వాత దాన్ని భాగాలుగా విడదీసి, పెట్టెల్లో సర్ది, మామూలు సరుకు మాదిరిగా విమానంలో మాస్కోకి పంపించారు. 1968లో ముగ్గురూ పట్టుబడ్డారు. 1970లో శిక్ష పడింది. కానీ క్షిపణి చేరవలసిన చోటికి అప్పటికే చేరిపోయింది.

ఒక్క క్షిపణి పోతే ఇంకొకటి చేసుకోవచ్చు కదా, దానికింత గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. సంగతి తెలియాలంటే ముందు ఆ క్షిపణి ఎలా పనిచేస్తుందో చూడాలి.

వేడిని చూసే కన్ను

సైడ్‌వైండర్ అనేది అమెరికా ఎడారుల్లో ఉండే ఒక గిలకపాము పేరు. దాని ముఖం మీద రెండు చిన్న గుంటలుంటాయి. ఎలుక ఒంటి వేడిని అవి చీకట్లో కూడా పసిగడతాయి. కాలిఫోర్నియాలోని చైనా లేక్ పరిశోధన కేంద్రంలో విలియం మెక్‌లీన్ అనే శాస్త్రజ్ఞుడి బృందం తయారుచేసిన క్షిపణి కూడా వేడినే వెంటాడుతుంది. అందుకే దానికి ఆ పేరు. అది 1956లో అమెరికా సైన్యం చేతికి వచ్చింది.

వేడి వస్తువులన్నీ కంటికి కనపడని పరారుణ కిరణాలను వెదజల్లుతాయి. క్షిపణి ముక్కు దగ్గర గాజు కవచం, దాని వెనక ఒక అద్దం, లెడ్ సల్ఫైడ్ ముక్క ఉంటాయి. పరారుణ కిరణాలు పడగానే ఆ ముక్కలో విద్యుత్తు మరింత సులభంగా ప్రవహిస్తుంది. ముక్క ముందు గీతలున్న బిళ్ల ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. దాంతో వచ్చే కిరణాలు మినుకు మినుకుమంటాయి. ఆ మినుకు తీరును బట్టి వేడి ఏ పక్క ఉందో క్షిపణి కనిపెట్టి, అటు తిరుగుతుంది.

ఇంకో చమత్కారం ఉంది. క్షిపణి వెనక రెక్కల అంచున పళ్లచక్రాల వంటి చిన్న చక్రాలుంటాయి. గాలి తాకిడికి అవి మహావేగంగా తిరుగుతాయి. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడుతుంది కదూ! అదే సూత్రం మీద ఈ చక్రాలు క్షిపణి దొర్లిపోకుండా ఆపుతాయి. మోటారు లేదు, తీగెలు లేవు, ఖర్చూ తక్కువే. ఇంత తేలికైన ఉపాయాన్ని చేతిలోకి తీసుకుని చూసినవాడు ఇక మరిచిపోడు.

తోకలో ఇరుక్కున్న పాఠం

నిజానికి ఈ పాఠం సోవియట్ ఇంజనీర్లకు 1967 కంటే ముందే అందింది. 1958 సెప్టెంబరులో తైవాన్ జలసంధి మీద తైవాన్, చైనా విమానాలు తలపడ్డాయి. తైవాన్ వదిలిన సైడ్‌వైండర్ ఒకటి చైనా మిగ్-17 విమానానికి గుచ్చుకుంది గాని పేలలేదు. పైలట్ దానితోనే క్షేమంగా దిగాడు! ఆ క్షిపణి సోవియట్ యూనియన్‌కు చేరింది. దాన్ని విప్పి చూసి వాళ్లు కె-13 అనే క్షిపణిని తయారుచేశారు. అది తమకు ఒక విశ్వవిద్యాలయం వంటిదని ఆ పనిలో ఉన్న ఇంజనీరు ఒకాయన తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 విమానాలు తొలిరోజుల్లో మోసింది ఈ కె-13 క్షిపణులనే.

మరి ఒకటి చేతిలో ఉండగా ఇంకొకటి దొంగిలించడం ఎందుకు? ఒకే పేరు గల ఆయుధం ఎల్లకాలం ఒకేలా ఉండదు. ఏటేటా మెరుగులు దిద్దుతారు. ఆ మెరుగులు ఏమిటో తెలుసుకోవడమే గూఢచారికి కావలసింది.

నకలు కంటే పెద్ద ప్రమాదం

జంతికను చూసి దాని ఆకారం చెప్పవచ్చు. పిండి ఎలా కలిపారో, నూనె ఎంత కాగిందో చెప్పడం కష్టం. విమాన భాగాలూ అంతే. ఇంజన్‌లోని ఒక రెక్కను కొలిచి, అందులో ఏయే లోహాలున్నాయో పరీక్షించి తెలుసుకోవచ్చు. కానీ దాన్ని ఎలా పోతపోశారో, ఎంతసేపు ఏ వేడిలో ఉంచారో కనుక్కోవడానికి ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి దొంగ సొత్తుతో నకలు చేయడం అనుకున్నంత తేలిక కాదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆయుధం బలహీనత బయటపడుతుంది! తొలినాటి సైడ్‌వైండర్ బాగా వేడెక్కిన ఇంజన్ గొట్టాన్నే చూడగలదు. అంటే వెనక నుంచి మాత్రమే తరమగలదు. సూర్యుడు ఎదురైతే అది తికమకపడి సూర్యుడి వైపు పోవచ్చు. ఈ సంగతి తెలిసిన శత్రు పైలట్ సూర్యుడి వైపు తిరిగి తప్పించుకోజూస్తాడు. ఆ క్షిపణిని నమ్ముకుని ఆకాశంలోకి వెళ్లిన మన పైలట్ ప్రాణానికి అప్పుడు పూచీ ఏముంది?

గూఢచారుల కోసం కాక, కేవలం డబ్బు కోసం జరిగే దొంగతనాలూ ఉన్నాయి. మలేసియా వైమానిక దళానికి చెందిన ఎఫ్-5 విమానాల ఇంజన్లు రెండు 2007లో మాయమయ్యాయి. 2009లో సంగతి బయటికి పొక్కింది. చివరికి అవి ఎక్కడ తేలాయనుకున్నారు? భూగోళానికి అవతలి వైపున, దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో!

విడిభాగాలంటే ఎంత జాగ్రత్త ఉండాలో చెప్పే ఉదాహరణ ఇంకొకటి. 1979 విప్లవానికి ముందు అమెరికా ఇరాన్‌కు 79 ఎఫ్-14 విమానాలు ఇచ్చింది. తర్వాత రెండు దేశాలకూ చెడింది. 2006లో అమెరికా నౌకాదళం తన ఎఫ్-14లను పక్కనపెట్టినప్పుడు, వాటి విడిభాగాలు చేతులు మారి ఇరాన్ చేరతాయేమోనని భయపడింది. 2007లో అమ్మకం ఆపి, విమానాలను యంత్రాల్లో వేసి ముక్కలు చేయించింది. అక్కరలేని పాత ఇనుము కూడా ఒక్కోసారి రహస్యమే!

టైరు తిరిగొచ్చింది

ఇలాంటిది మన దేశంలోనూ జరిగింది. 2021 నవంబరులో లక్నో నుంచి జోధ్‌పూర్ వెళుతున్న లారీ మీద నుంచి మిరాజ్-2000 యుద్ధవిమానం టైరు ఒకటి పోయింది. గూఢచారుల పనేమోనని అందరూ కంగారుపడ్డారు. కొద్ది రోజులకు, డిసెంబరు 4న, ఇద్దరు మనుషులు దాన్ని స్వయంగా వైమానిక స్థావరానికి తెచ్చి అప్పగించారు. లారీ టైరు అనుకున్నారట!

నవ్వొచ్చింది కదూ? కానీ ఒక్క క్షణం ఆలోచించండి. నాయ్‌బుర్గ్‌లో కాపలాను దాటించింది మహా యంత్రమేమీ కాదు, ఒక తోపుడు బండి. దానికి దారి చూపినవాడు ఆ సైన్యంలోని మనిషే. తాళాలు, కంచెలు, లెక్కల పుస్తకాలు అన్నీ అవసరమే. అయితే వాటిని నమ్మకంగా చూసుకునే మనిషి లేకపోతే, ఎంత గొప్ప విజ్ఞానమైనా తివాచీలో చుట్టుకుని, ఎర్రగుడ్డ కట్టుకుని, అందరి కళ్ల ముందే దాటిపోతుంది.